పుంజుకు బాదములు, పెట్టకు నూకలు

మార్గశిరము ప్రవేశించినది మొదలు గోదావరి, కృష్ణా జిల్లాల పల్లెలలో కోడిపందెపు పుంజునకు జరుగు ఉపచారములు చూచువారికి ఆశ్చర్యము కలుగకమానదు. వేకువనే దానిని చెరువులో ఈదించెదరు. ప్రొద్దెక్కిన పిమ్మట ఎండలో నడిపించెదరు. సాయంకాలము కాపడము పెట్టి, గాలి సోకని తావున గంప క్రింద మూసెదరు. మేతకు గంట్లు, చోళ్లు సరేసరి. బాదములు, జీడిపప్పు, ఉడికించిన గ్రుడ్డు, కైమా కొట్టిన వేటమాంసము కూడ వేళ తప్పక అందించెదరు. కుక్కుటశాస్త్రము తిరుగవేసి దాని వర్ణమునకు ఏ దినము, ఏ జాము, ఏ దిక్కు కలిసివచ్చునో గణించెదరు. అదే పెరటిలో, అదే కాలమున, ఆ పుంజు ఏ గ్రుడ్డునుండి పుట్టినదో ఆ గ్రుడ్డును పెట్టిన పెట్టకు మాత్రము దోసెడు నూకలు విసరి, అది పెట్టుట మానినదని గమనించినప్పుడు, "చలికాలము గదా, పెట్టదు" అని ఇంటిల్లిపాదియు తేల్చివేయుదురు.

పందెముల మంచిచెడ్డల విచారణ ఇక్కడ ప్రసక్తము కాదు. చట్టము వాటిని నిషేధించినదన్న సంగతి అందరును ఎరిగినదే. నేను చెప్పదలచినది వేరు. ఒక పక్షిని ఎట్లు సాకవలెనో, దానికి ఏ వేళ ఏది కావలెనో, ఏ గాలి దానికి పడదో ఇంత సూక్ష్మముగ నేర్చినవారు మనవారు. ఆ నేర్పులో పదవపాలైనను పెట్టవైపు మరలినచో, కార్తీకమునుండి మాఘము వరకు పెరటి గంప ఒట్టిపోవలసిన పని లేదని నా నిశ్చితాభిప్రాయము. హేమంతమున పెట్ట గ్రుడ్డు మానుట విధివిలాసము కాదు; ఒక్క చలివలన కలుగునదియు కాదు. దానికి కారణములు కలవు, ఆ కారణములలో పెక్కు మన చేతిలోనివే.

చలియే గ్రుడ్లను ఆపునన్న భ్రమను మొదట తొలగించుకొనవలెను. కోడి దేహోష్ణము సుమారు 41 డిగ్రీలు; ఈకల నడుమ గాలిని పట్టియుంచి ఆ వేడిని కాపాడుకొను శక్తి దానికి పుట్టుకతో వచ్చినది. మన మైదానములలోని పుష్యమాసపు చలి ఆరోగ్యముగనున్న కోడిని బాధించునది కాదు సరికదా, రోహిణికార్తె ఎండకంటె దానికి ఎంతో హితము. దాని గర్భమును నియమించునది వెలుతురు. 1920లలో కెనడా దేశపు ఎడ్మంటన్ నగరమున విలియం రోవన్ అను ప్రాణిశాస్త్రజ్ఞుడు జంకో అను చిన్న పిట్టలను శిశిరమున ఆరుబయటి పంజరములలోనుంచి, దినమునకు కొన్ని నిమిషముల చొప్పున విద్యుద్దీపముతో వాటి పగటిని పొడిగించుచు పోగా, చుట్టును చలి సున్నాకు ఎంతో దిగువనున్నను, వాటి జననాంగములు వసంతమున వికసించునట్లే వికసించినవి. దీపము లేని పంజరములలోని పిట్టలకు ఆ మార్పు కలుగలేదు. తరువాతి దశాబ్దమున ఫ్రాన్సులో జాక్ బెన్వా బాతులపై చేసిన పరిశోధన అంతకంటెను విస్మయకరము: కన్నులు లేని బాతు కూడ వెలుతురునకు స్పందించెను. పక్షి కపాలము పలుచనిది. దానిగుండ చొచ్చిన కాంతి మెదడు లోపల హైపోథలామస్ అను భాగమున గల గ్రాహకములను నేరుగ తాకును. అచ్చటినుండి ఆజ్ఞ పీయూషగ్రంథికిని, ఆ గ్రంథి స్రవించు హార్మోనుల ద్వారా అండాశయమునకును చేరును. ఈ ప్రయోగములలో కొన్ని మూగజీవములను నొప్పించి చేసినవన్న సంగతి నాకు ఖేదము కలిగించునదే. అయినను, అంత నొప్పికి ఫలముగ దొరికిన జ్ఞానమును పెరటిలోనికి తెచ్చుకొనకపోవుట ఆ నొప్పిని వ్యర్థపుచ్చుటయే యగును.

గ్రుడ్డు తయారగుటకు ఇంచుమించు 25 గంటలు పట్టును. అందు 20 గంటలు పెంకు పోసుకొనుటకే చెల్లును. అందుచేత పెట్ట దినదినము కొంచెము ఆలస్యముగ పెట్టుచు వచ్చి, ఆ వేళ మధ్యాహ్నము దాటి వాలినప్పుడు ఒకనాడు విరమించి, మరల ఉదయమునుండి క్రమము మొదలిడును. ఈ క్రమము సడలక సాగుటకు దినమునకు 14 మొదలు 16 గంటల వెలుతురు అనుకూలము. లండనులో డిసెంబరు చివర పగలు 8 గంటలైన నిండదు; ఢిల్లీలో 10 గంటలు దాటి కొన్ని నిమిషములు మాత్రమే; హైదరాబాదులోను విజయవాడలోను 11 గంటలు పైచిలుకు. జ్యేష్ఠాషాఢములలో మనకుండు 13 గంటల పగటితో పోల్చినచో మనకు కలుగు తరుగు రెండు గంటలే. ఇంగ్లండునందో, అమెరికా ఉత్తర రాష్ట్రములందో ఇంటి వెనుక కోళ్లను పెంచుకొను తెలుగువారికి దీపమే ప్రధాన సాధనము కావచ్చును. మనకది కారణములలో ఒకటి మాత్రమే. ఈ భేదమును గుర్తింపక, శీతలదేశముల ఉపాయమును యథాతథముగ ఎత్తుకొని, గూటిలో దీపము వ్రేలాడదీసి ఊరకున్నచో నిరాశ తప్పదు.

మన పెట్టకు హేమంతమున ముఖ్యముగ కొరవడునది ఆహారము. ఈ మాట పల్లెవాసులకు విడ్డూరముగ తోచవచ్చును. అది కోతలు, కుప్పలు, నూర్పులు సాగు కాలము. కళ్లము చుట్టును గింజ రాలియుండును. సందెవేళ కోడి గొంతుక్రింది తిత్తి ఉబ్బియే గూటికి చేరును. ఇంతకంటె మంచి కాలము కోడికి వేరేమి కలదని అడుగుదురు. కడుపు నిండుట వేరు, గ్రుడ్డునకు కావలసిన ద్రవ్యములు సమకూరుట వేరు. వడ్లలో మాంసకృత్తులు నూటికి 7, 8 పాళ్లు మాత్రమే. నిండుగ గ్రుడ్లు పెట్టు మేలుజాతి పెట్టకు దినమునకు 16, 17 గ్రాముల మాంసకృత్తులు కావలెను. 100 గ్రాముల వడ్లు మ్రింగినను అందులో సగమైన దానికి దక్కదు. ఒక్క గ్రుడ్డులోనే 6 గ్రాములు వెలికి పోవుచున్నవి గదా! వానకాలమున ఈ లోటును వానపాములు, చెదలు, మిడుతలు, పేడకుప్పలోని పురుగులు, లేత గరిక తీర్చినవి. అందుచేతనే శ్రావణ భాద్రపదములలో ఎవరును పట్టించుకొనకున్నను పెట్ట పెట్టుచుండెను. కార్తీకము గడచి, నేల గట్టిపడి, గడ్డి ముదిరి, పురుగు మట్టిలోనికి దిగిన పిమ్మట, దానికి మిగిలినది గింజయే. గింజ కొవ్వును పెంచును, గ్రుడ్డును పెంచదు. కళ్లము దగ్గర బలిసిన పెట్ట గ్రుడ్డు పెట్టదని మన ముసలమ్మలు అనుమాట అనుభవమునుండి పుట్టిన సత్యము.

దీనికి చికిత్స మన వంటింటిలోను, గానుగ దగ్గరను కలదు. 80 గ్రాముల గింజకు 20 గ్రాముల వేరుశనగ చెక్క పొడిచేసి కలిపినచో ఆ మేతలోని మాంసకృత్తులు ఇంచుమించు రెట్టింపగును. నువ్వుల చెక్కయు మంచిదే. చేపలు తోముకొన్నప్పుడు మిగులు తలలు, ప్రేవులు ఉడికించి పెట్టవచ్చును. ఎండుచేప పెట్టువారు ఉప్పు పోవునట్లు నానవేసి కడిగి పెట్టవలెను. మునగాకు, అవిశాకు, తోటకూర ఈ మూడింటిలో ఏదో యొకటి లేని పెరడు అరుదు. ఆకుకట్టను దారముతో కట్టి కోడి మెడ అందునంత ఎత్తున వ్రేలాడదీసినచో అది త్రొక్కి పాడుచేయక పొడుచుకొని తినును, పచ్చసొనకు మంచి రంగు వచ్చును. ఒక హెచ్చరిక మాత్రము అవశ్యము. కార్తీక మార్గశిరములు తుపానుల కాలము. ఆ తేమకు చెక్క బూజుపట్టిన, అందు పుట్టు అఫ్లాటాక్సిన్ అను విషము కోడి కాలేయమును చెరచును. బూజుపట్టిన చెక్కను ఎండబెట్టినంతమాత్రమున విషము పోదు. దానిని పారవేయుటే మేలు.

మాంసకృత్తుల తరువాత సున్నము. గ్రుడ్డు పెంకు దాదాపు అంతయు సున్నపు పదార్థమే. ఒక పెంకులో 2 గ్రాములకు పైగా కాల్షియము కలదు. 100 గ్రాముల వడ్లలో అది పదోవంతు గ్రామునకు మించదు. ఈ వ్యత్యాసమును పెట్ట తన ఎముకలనుండి తీసి కొంతకాలము పూరించును; పిదప తోలుగ్రుడ్లు పెట్టును; ఆపైని మానివేయును. తోలుగ్రుడ్డు కనబడినప్పుడు దిష్టి తగిలినదని ఉప్పు, మిరపకాయలు తిప్పి పారవేయు ఇండ్లు నేటికిని కలవు. ఆ పెట్ట అడుగుచున్నది గుప్పెడు ఆల్చిప్పల పొడి. ఆల్చిప్పలు గాని, నత్తగుల్లలు గాని మెత్తని పిండిగ కాక, జొన్నగింజలంత పలుకులుగ దంచి, సాయంకాలపు మేతవేళ వేరే చిప్పలో పెట్టవలెను. పెంకు పోసుకొనుట అధికభాగము రాత్రి జరుగునది. పలుకులైనచో కందనకాయలో నిలిచి రాత్రియంతయు కొంచెము కొంచెముగ కరగి, అవసరమైన వేళకు అందును. ఇంటిలో వాడిన గ్రుడ్ల పెంకులను కడిగి, పెనముపై వేయించి, నలిపి పెట్టినను చాలును. బట్టీలో కాల్చిన సున్నమును మాత్రము ఎన్నడును పెట్టరాదు. అది నోటిని, ప్రేగును దహించును.

నీటిని గూర్చి ఒక్కమాట. గ్రుడ్డులో నాలుగింట మూడుపాళ్లు నీరే. చల్లని ఉదయమున చిప్పలోని నీరు జిల్లుమనుచుండగా కోడి ముక్కు ముంచి విడిచిపెట్టును. ఆ పూట త్రాగని నీటి లోటు మరునాటి గ్రుడ్డుపై పడును. ప్రొద్దున గోరువెచ్చని నీరు పెట్టుట కంటె సులభమైన సేవ వేరొకటి లేదు.

ఇక దీపము. మన దేశమున అది ప్రధానము కాకున్నను, మేత సరిపడ అందుచున్న పెట్టకు అది నిశ్చయముగ ఉపకరించును. మేత అందని పెట్టకు అది అపకారము. పదిపదిహేను కోళ్ల గూటికి 5 వాట్ల ఎల్‌ఈడీ దీపము చాలును. కోడి నిలుచున్న చోట ఈ పత్రికలోని అక్షరములు చదువగలిగినంత వెలుతురున్న అదియే పరిమితి. రంగు కొంచెము పసుపుగనుండుట మేలు, ఏలయనగా ఎరుపుపసుపుల కాంతి కపాలము గుండ చొచ్చినంతగ నీలికాంతి చొరజాలదు. దీపమును సాయంకాలము కాక తెల్లవారుజామున వెలిగించవలెను. సాయంకాలము వెలిగించి ఒక్కమారుగ ఆర్పినచో కోళ్లు కర్రపైకి ఎక్కకముందే చీకటిలో చిక్కుకొని బెదరును; వేకువ దీపమైనచో అది తనంతట పగటివెలుతురులో కలసిపోవును. విజయవాడ ప్రాంతమున డిసెంబరు చివర సూర్యోదయము ఆరున్నర ప్రాంతమున, అస్తమయము ఆరింటికి ఇరువది నిమిషముల ముందు. తెల్లవారుజామున 4 గంటలకు దీపము వెలిగిన, మునిచీకటి సందెవెలుగుతో కూడి 14 గంటలు పూర్తియగును. ధనుర్మాసమున ముగ్గులకును, తిరుప్పావై సేవకును లేచు ఇల్లాండ్రకు ఆ వేళ క్రొత్తది కాదు. వాకిట దీపము వెలిగించు చేతితోనే గూటి దీపమును వెలిగించవచ్చును. అయితే ఆశ్వయుజముననే మొదలిడి, వారమునకు అరగంట చొప్పున పెంచుచు పోవలెను. మొదలిడినపిమ్మట వేళ తప్పరాదు. ఒకనాడు వెలిగి ఒకనాడు ఆరు దీపము, లేని దీపము కంటె చెరుపు. కరెంటు నిలుకడ లేని ఊళ్లలో బ్యాటరీ దీపము గాని, సౌరదీపము గాని ఉంచుకొనుడు. నాలుగు నెలలు నిండని పెయ్యపెట్టలకు దీపము పెట్టరాదు. ఒడలు ముదరకముందే గ్రుడ్డునకు వచ్చిన పెట్ట చిన్నచిన్న గ్రుడ్లు పెట్టుటయే కాక, గర్భము జారి చచ్చుటయు కలదు.

ఈక రాల్చుచున్న పెట్టను గూర్చి నా అభిప్రాయము కొందరికి నచ్చకపోవచ్చును. పగలు తరుగు కాలమున, ఒకటిన్నర ఏడు దాటిన పెట్ట పాత ఈకలు రాల్చి క్రొత్తవి వేసికొనును. రెండుమూడు నెలలు పట్టు ఆ పనిలో అది గ్రుడ్డు పెట్టదు. ఈక అధికభాగము మాంసకృత్తులతో కూడినది. ఒడలెల్ల ఈకలు మొలిపించుకొనుట, గ్రుడ్డు పెట్టుట రెండును ఒక్కసారి దాని శక్తికి మించినవి. అట్టి పెట్టపై దీపము మోపి, మందులు మ్రింగించి గ్రుడ్డు పిండుకొన జూచుట అన్యాయము. లాభదృష్టితో చూచినను తెలివితక్కువ. ఏడాది పొడుగున ఇచ్చినదానికి రెండు నెలల విశ్రాంతి ఋణపడియున్నాము. ఆ రెండు నెలలు చెక్క, చేప, ఆకు తగ్గింపక పెట్టినచో అది త్వరగ ఈకలు దొడిగి మాఘమునాటికే మరల గంప ఎక్కును. మేత మాన్పి, నీరు మాన్పి, కడుపు మాడ్చి ఈక రాల్పించు పద్ధతి కొన్ని పెద్ద ఫారములలో నడచినది. అది క్రూరము, దానిని పెరటిలోనికి రానీయరాదు. గంప ఒట్టిపోకుండవలెనన్నచో ఉపాయము వేరు: ఏటేట ఫాల్గుణ చైత్రములలో నాలుగైదు క్రొత్త పిల్లలను చేర్చుకొనుట. ఆ పిల్లలు ఆశ్వయుజ కార్తీకముల నాటికి గ్రుడ్డునకు వచ్చి, తొలియేట ఈక రాల్చక, పెద్దవి విశ్రమించు కాలమంతయు పెట్టుచునుండును.

గూటి విషయమున మనవారు చేయు పొరపాటు చలికి జడిసి అన్ని సందులు మూసివేయుట. రాత్రి కోళ్లు విడుచు ఊపిరి, రెట్టనుండి లేచు ఘాటువాయువు బయటికి పోక, గోడలు చెమర్చి, ఉదయమునకు గూడు కంపుకొట్టుచుండును. ఆ గాలికి ముక్కు కారుట, గురక, కన్నులు వాచుట మొదలగును. కోడికి శత్రువు చలి కాదు, తేమ. తేమతోపాటు ఒంటిమీదికి నేరుగ కొట్టు ఈదరగాలి. కనుక కోడి వాలు ఎత్తునకు పైన గాలి పోవు సందు విడిచి, క్రింద మాత్రము తాటాకు గాని, గోనెపట్ట గాని కట్టవలెను. నేలపై నాలుగంగుళముల వరియూక పరచి, వారమునకొకసారి తిరుగదిప్పి, తడిసినచోట తీసివేయవలెను. మైదానములలో ఇంతే చాలును. లంబసింగి, చింతపల్లి, అరకు, పాడేరు ప్రాంతముల కథ వేరు. ఉష్ణోగ్రత కొన్ని రాత్రులు సున్నా సమీపమునకు దిగు ఆ కొండలలోను, ఆసిఫాబాదు జిల్లాలోని సిర్పూరు, గిన్నెదరి ప్రాంతములలోను, కోడి తన మేతలో అధికభాగము ఒడలి వేడికే వ్యయించును. అచ్చట నేలకు అడుగున్నర ఎత్తున వెదురు గూడు కట్టుటయు, సందెవేళ గుప్పెడు మొక్కజొన్న గాని, జొన్న గాని అదనముగ వేయుటయు అవసరము. నిండిన తిత్తితో నిదురించిన కోడికి ఆ గింజ తెల్లవార్లు వేడినిచ్చును. గూటి కర్ర సందులలో పగలు దాగి రాత్రి రక్తము పీల్చు నల్లులు మరియొక గుప్తశత్రువు. ఎండ తగులు మూల బూడిద, పొడిమట్టి, వేపాకు పొడి కలిపిన గుంట ఒకటి ఉంచినచో కోడి తానే పొర్లి తన వైద్యము తాను చేసికొనును.

ఇంతవరకు చెప్పినదంతయు ఏ జాతి పెట్టకైనను వర్తించును గాని, ఫలము అన్నిటియందు ఒకటి కాదు. మన నాటుపెట్ట పది పదునైదు గ్రుడ్లు పెట్టి పొదుగునకు కూర్చుండును. 21 దినములు పొదిగి, రెండు మూడు నెలలు పిల్లలను రెక్కల క్రింద త్రిప్పి, పిదపగాని మరల గ్రుడ్డునకు రాదు. ఏడాదికి సుమారు 50, 60 గ్రుడ్లు దాని శక్తి. పందెములకు పేరొందిన అసిల్ జాతి పెట్ట అంతకును తక్కువ. ఆ మాతృత్వమే దాని విలువ. ఇంక్యుబేటరు లేని ఇంట పిల్లలను ఇచ్చునది అదే. కాగా హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధన సంచాలనాలయము పెరటికొరకే రూపొందించిన వనరాజ సుమారు 100 గ్రుడ్లును, గ్రామప్రియ 160 వరకును పెట్టగలవు. అవి పొదుగునకు కూర్చుండుట అరుదు. దీపము, చెక్క, ఆల్చిప్ప వీటికి నిండు ప్రతిఫలమునిచ్చును. ఒక్క పెరటిలో ఈ రెండు తీరుల పెట్టలను కలిపియుంచుట నాకు మేలని తోచును: గ్రుడ్లకు గ్రామప్రియ నాలుగు, వాటి నడుమ పొదుగునకు నాటుపెట్ట ఒకటి.

ఇన్ని చేసినను ఒక్క రాత్రిలో అన్నియు నేలపాలు చేయునది తెగులు. కొక్కెర తెగులు వచ్చిన ఊరిలో మూడు నాలుగు దినములలో గంపలన్నియు ఖాళీయగుట చూడని పల్లె లేదు. కుమావూ కొండలలోని రాణీఖేత్ పేర మనదేశమున 1920లనుండి ప్రసిద్ధమైన ఆ వ్యాధికి చికిత్స లేదు, టీకా కలదు. అది చవకయైనది, ఫలించునది. అయినను పెరటికోళ్లకు అందుట లేదు. కారణము కోళ్లు పెంచువారి అలసత్వము కాదు. ఆర్‌టూబీ అను ఆ టీకా ఒక్క బుడ్డిలో వంద, రెండువందల కోళ్లకు సరిపడునట్లు వచ్చును, ద్రావకముతో కలిపిన రెండు గంటలలో వాడివేయవలెను, అంతవరకు మంచుపెట్టెలోనుండవలెను. ఐదు కోళ్లు గల ఇల్లాలు ఒక్కతె వెళ్లి అడిగినచో బుడ్డి విప్పుట ఎవరికిని గిట్టుబాటు కాదు. పశువైద్య సిబ్బంది పదిగంటలకు ఊరికి వచ్చినచో కోళ్లు అప్పటికి దిబ్బలపైనను, పొలముగట్లపైనను ఉండును, పట్టుట అసాధ్యము. కనుక ఊరంతయు ఒక్కనాడు, తెల్లవారకముందు, గూళ్లు తెరువకముందు టీకా వేయవలెను; ఇదొక్కటే మార్గము.

ప్రభుత్వములు పేద కుటుంబములకు నాలుగు వారముల పిల్లలను పంచుచున్నవి. అది మంచి పని. కాని పిల్లలను పంచిన లెక్క కంటె, సంక్రాంతి నాటికి ఎన్ని బ్రతికియున్నవి, ఎన్ని గ్రుడ్డునకు వచ్చినవి అను లెక్క ముఖ్యము. ప్రతి గ్రామమునకు ఏటేట ఆశ్వయుజ కార్తీకముల నడుమ ఒక ఉదయమును టీకాకు నియమించి, వారము ముందుగ దండోరా వేయించి, మహిళా సంఘములకు ఆ బాధ్యతను, అందుకు తగిన భృతిని అప్పగించినచో, క్రొత్త పథకములు అక్కరలేకయే పెరటి గ్రుడ్లు పెరుగునని నా నమ్మకము. సూది వేయుట నేర్చుకొనజాలని స్త్రీలు కారు మన పల్లెలవారు. కొల్లేటికిని, పులికాటునకును వలసపక్షులు దిగునది ఈ కాలమే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్‌ఫ్లూ చేసిన నష్టము ఎవరును మరువలేదు. ఆ ఉదయమున టీకాతోపాటు, అడవిపక్షులు వాలు నీటిని కోళ్లకు పెట్టరాదనియు, హఠాత్తుగ చచ్చిన కోడిని కోయక కబురు చేయవలెననియు ఇంటింట చెప్పవచ్చును.

ఈ పట్టుదల దేనికని అడుగువారుందురు. ఆంధ్రదేశము గ్రుడ్ల ఉత్పత్తిలో దేశమున అగ్రస్థానమున నున్నది, అంగడిలో గ్రుడ్డునకు కొరత లేదు, పెరటిగ్రుడ్లు నాలుగు తగ్గిన ఏమి అందురు. ఆ ఉత్పత్తి లక్షల కోళ్ల ఫారములది. ఉత్తరాది గిరాకికి హేమంతమున దాని ధర పెరుగుట ఏటేట చూచుచున్నాము. ధర పెరిగినప్పుడు మొదట గ్రుడ్డు మానుకొనునది కూలి ఇల్లు. ఆ ఇంట మొదట మానుకొనునది తల్లి. మనిషికి ఏడాదికి 180 గ్రుడ్లు ఉండవలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పుచున్నది. చెరువుగట్టు ఇంటిలో, కొండవాలు గుడిసెలో ఆ లెక్క పూర్తియగుట అంగడివలన సాధ్యము కాదు, పెరటివలననే సాధ్యము. అంతేకాదు. పాలడబ్బు, ధాన్యపుడబ్బు మగవాని చేతిలో పడును. గ్రుడ్ల డబ్బు మాత్రము అనాదిగ ఇల్లాలిది. పిల్లవాని పలకకు, తన మందునకు, పుట్టింటి ప్రయాణమునకు ఆమె ఎవరిని అడుగక తీయగల పైకము అదొక్కటే. హేమంతమున పెట్ట మానినప్పుడు ఒట్టిపోవునది ఆమె కొంగుముడి.

పుంజును సాకువారిని ఆ పని మానుమని నేను ఇక్కడ చెప్పుట లేదు. వారి చేతి నేర్పునకు నమస్కరించి ఒక్కటి కోరుచున్నాను: ఈ ఏడు బాదములు కొనుటకు పోయినప్పుడు రెండు కిలోల వేరుశనగ చెక్కయు, సేరెడు ఆల్చిప్పలును పెట్టలకొరకు కొనుడు, దసరా వెళ్లకముందే మీ ఊరి పశువైద్యశాలకు పదిమంది కలసి పోయి, కొక్కెర టీకా ఏ ఉదయమున వేయుదురో అడిగి తేదీ వ్రాయించుకొని రండు.